దారి తీసిన వీరుడు: సెకండ్ లెఫ్టినెంట్ రామ రాఘోబా రాణే

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

వీరుడు అనగానే మన కళ్ళ ముందు ఒక బొమ్మ కదులుతుంది. చేతిలో కత్తో తుపాకో, ఎదుట శత్రువు, నోట సింహనాదం. చిన్నప్పటినుంచీ చూసిన నాటకాలూ, సినిమాలూ, చదువుకున్న పాఠాలూ మనకు నేర్పిన బొమ్మ అది. అందులో తప్పేమీ లేదు. కాని ఒక్క ప్రశ్న వేసుకుందాం. చేతిలో తుపాకికి బదులు పలుగూ పారా ఉండి, ఎదుట మనిషికి బదులు కూలిన చెట్లూ, పూడ్చిపెట్టిన మందుపాతరలూ ఉండి, పైనుంచి గుళ్ళు కురుస్తుంటే, తల వంచుకుని తన పని తాను చేసుకుపోయేవాణ్ణి ఏమంటాం? కూలివాడంటామా, మేస్త్రీ అంటామా, వీరుడంటామా?

భారత ప్రభుత్వం ఈ ప్రశ్నకు 1950లోనే జవాబు చెప్పింది. స్వతంత్ర భారతదేశంలో అత్యున్నతమైన యుద్ధ పురస్కారం పరమవీర చక్ర. దానిని అందుకున్న తొలి అయిదుగురిలో ఒకరు సైన్యపు ఇంజనీరు. ఆయన పేరు రామ రాఘోబా రాణే. ఆ అయిదుగురిలో మేజర్ సోమనాథ్ శర్మ, నాయక్ జదునాథ్ సింగ్, పీరూ సింగ్ గార్లకు మరణానంతరం ఆ గౌరవం దక్కింది. బతికుండగా దానిని ధరించినవారు ఇద్దరే: కరమ్ సింగ్ గారు, రాణే గారు. రాణే గారు చేసిన పని ఏమిటి, అది ఎందుకంత కష్టం, అందులో సైన్సు చదివే మనం నేర్చుకోవలసినది ఏమిటి అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న సంగతి.

సాపర్ అంటే ఎవరు?

సైన్యంలో ఇంజనీరింగు దళంవారిని 'సాపర్లు' అంటారు. ఇది ఫ్రెంచి భాషనుంచి వచ్చిన మాట. కోటగోడల కిందికి కందకాలు తవ్వుకుంటూ పోయేవారికి పూర్వం ఆ పేరుండేది. నేటి సాపర్ల పని చాలా విస్తృతం. వంతెన కట్టాలి, అవసరమైతే కట్టిన వంతెననే కూల్చాలి. రోడ్డు వేయాలి, తాగునీరు చూడాలి, మందుపాతరలు పరచాలి, శత్రువు పరచిన వాటిని ఏరిపారెయ్యాలి. ఒక్కమాటలో చెప్పాలంటే మన సైన్యం ముందుకు కదిలేలా, శత్రువు కదలకుండా చూడటం వారి పని. వారి ఆదర్శవాక్యం 'సర్వత్ర'. అంటే అన్నిచోట్లా అని.

మన దేశంలో వీరికి మూడు పాత దళాలున్నాయి. రూర్కీలో బెంగాల్ సాపర్లు, పూనా దగ్గర కిర్కీలో బొంబాయి సాపర్లు, బెంగుళూరులో మద్రాసు సాపర్లు. ఈ మద్రాసు సాపర్ల చరిత్ర 1780నుంచీ మొదలవుతుంది. దక్షిణాది రాష్ట్రాల కుర్రవాళ్ళు, మన తెలుగువాళ్ళతో సహా, ఎక్కువగా చేరేది అందులోనే. రాణే గారు మాత్రం బొంబాయి సాపర్లకు చెందినవారు.

కానిస్టేబులు కొడుకు

రాణే గారు 1918 జూన్ 26న పుట్టారు. వారి కుటుంబానిది నేటి కర్ణాటకలో సముద్రపు ఒడ్డునున్న కార్వార్ ప్రాంతం, చెండియా గ్రామం. తండ్రి పోలీసు కానిస్టేబులు. తండ్రికి బదిలీ అయిన ఊరల్లా మారుతూ చదువు సాగింది. ఇంజనీరింగు కాలేజీ మెట్లెక్కిన మనిషి కాదు. 1940 జులై 10న, ఇరవై రెండేళ్ళ వయసులో, బొంబాయి ఇంజనీర్ల దళంలో మామూలు సిపాయిగా చేరారు. శిక్షణలో ఆ బ్యాచికంతటికీ ఉత్తమ రిక్రూటుగా నిలిచి కమాండెంటు చేతికర్ర బహుమతి పొందారు.

తరువాత రెండవ ప్రపంచ యుద్ధంలో 28వ ఫీల్డు కంపెనీతో బర్మాలోని అరకాన్ ప్రాంతానికి వెళ్ళారు. అక్కడినుంచి సైన్యం వెనక్కు మళ్ళవలసి వచ్చినప్పుడు, బుతిడాంగ్ వద్ద మిగిలిన మందుగుండు నిల్వలూ వాహనాలూ జపానువారి చేతికి చిక్కకుండా నాశనం చేసే బాధ్యతను కొద్దిమంది జవాన్లతో ఆయనకు అప్పగించారు. పని ముగిశాక నౌకాదళం వచ్చి ఎక్కించుకుపోవాలి. అది జరగలేదు. జపానువారు పహరా కాస్తున్న నదిని తామే దాటి తమ దళాన్ని కలుసుకున్నారు. ఆ తరువాత హవల్దారు అయ్యారు, జమాదారు అయ్యారు. 1947 డిసెంబరులో సెకండ్ లెఫ్టినెంటుగా ఆఫీసరు హోదా పొందారు. ఏడున్నరేళ్ళు అడుగునుంచి పనిచేసి, పని తెలిసి, పైకి వచ్చిన ఆఫీసరన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ముందు జరగబోయేదానికి ఇదే పునాది.

ఆ దారి ఎందుకు?

1947 అక్టోబరు 22న జమ్మూ కాశ్మీరు మీద దాడి మొదలైంది. 26న మహారాజు తన సంస్థానాన్ని భారతదేశంలో కలుపుతూ సంతకం చేశారు. మరునాడే మన సైన్యం శ్రీనగరులో దిగింది. ఈ కథ మనందరికీ తెలుసు. అంతగా తెలియనిది దక్షిణాన జమ్మూ కొండల్లో జరిగిన కథ. నవంబరులో రాజౌరీ పట్టణం దాడిచేసినవారి చేతుల్లోకి పోయింది. అక్కడ ఎందరో సామాన్య ప్రజలు, ఆడవాళ్ళూ పిల్లలతో సహా, ఊచకోతకు గురయ్యారు. డిసెంబరు 24న ఝంగర్ కూడా పోయింది. 1948 ఫిబ్రవరి 6న నౌషేరా మీదికి వచ్చిన పెద్ద దాడిని బ్రిగేడియర్ ఉస్మాన్ గారి నాయకత్వంలో మనవాళ్ళు తిప్పికొట్టారు. మార్చి 18న ఝంగర్ తిరిగి మన చేతికి వచ్చింది. ఇక మిగిలింది రాజౌరీ.

నౌషేరానుంచి రాజౌరీకి ఉన్నది ఒక్కటే రోడ్డు. అదీ కొండ రోడ్డు. ఒకపక్క నిట్టనిలువు గట్టు, మరోపక్క లోయ. మన మైదానాల్లో రోడ్డుకు చెట్టు అడ్డం పడితే బండి చేలోకి దించి మళ్ళీ రోడ్డెక్కుతాం. అక్కడ ఆ వీలు లేదు. ఒక్క చెట్టు పడితే మొత్తం సైన్యం ఆగిపోవలసిందే. ఈ సంగతి శత్రువుకు బాగా తెలుసు. అందుకే పైన్ చెట్లు నరికి రోడ్డుకు అడ్డంగా పడేశాడు. వాటి చుట్టూ మందుపాతరలు పెట్టాడు. తూములు కూల్చాడు. రోడ్డు గట్లు పేల్చేశాడు. వీటన్నిటినీ గురిచూసేలా కొండలమీద మెషిన్ గన్లు నిలబెట్టాడు. ఇంజనీరింగు పరిభాషలో దీనికొక సూత్రం ఉంది. కాల్పుల కాపలా లేని అడ్డంకి అడ్డంకే కాదు, ఎవడైనా తీరిగ్గా వచ్చి తీసేస్తాడు. కాపలా ఉన్నప్పుడే అది నిజమైన అడ్డంకి.

నాల్గవ డోగ్రా పటాలమూ, సెంట్రల్ ఇండియా హార్స్ వారి స్టూవర్ట్ టాంకులూ ఈ దారిన పోవాలి. టాంకులకు దారి తీయవలసిన వారు 37వ అసాల్ట్ ఫీల్డు కంపెనీకి చెందిన సాపర్లు. వారి నాయకుడు సెకండ్ లెఫ్టినెంట్ రాణే. అప్పటికి వయసు ఇరవై తొమ్మిదేళ్ళు.

మందుపాతరలో ఉన్న సైన్సు

ఇక్కడ కొంచెం ఆగి మన పాఠాల్లోకి వద్దాం. మందుపాతర అంటే మూడు భాగాలు. ఒకటి, ప్రధానమైన పేలుడు మందు. రెండు, దానిని రేపే డిటొనేటరు. మూడు, బరువు పడినప్పుడు ఆ డిటొనేటరును కదిలించే యంత్రాంగం. మనిషి కోసం పెట్టిన దానికి కొద్ది కిలోల ఒత్తిడి చాలు. టాంకు కోసం పెట్టినది, రకాన్నిబట్టి, 100 కిలోలకు పైబడిన బరువు పడితేగాని పేలదు. అందువల్ల టాంకు మందుపాతర మీదుగా మనిషి నడిచిపోయినా ఏమీ కాకపోవచ్చు. కాని అడ్డంకుల దగ్గర రెండు రకాలూ కలిపి పెడితే ఏది ఎక్కడుందో ఎవరికి తెలుసు?

ఒక విచిత్రమైన లెక్క చెబుతాను. టి.ఎన్.టి. అనే పేలుడు మందు ఒక గ్రాములో ఉండే శక్తి సుమారు 4.2 కిలోజౌళ్ళు. మనం తినే వేరుశెనగ పప్పు ఒక గ్రాములో దానికి అయిదు రెట్లకు పైగా శక్తి ఉంటుంది! మరి వేరుశెనగ పప్పు ఎందుకు పేలదు? తేడా శక్తిలో లేదు, కాలంలో ఉంది. పప్పులోని శక్తి మన ఒంట్లో గంటల తరబడి మెల్లగా విడుదలవుతుంది. టి.ఎన్.టి.లో విస్ఫోటన తరంగం సెకనుకు దాదాపు 6,900 మీటర్ల వేగంతో పాకుతుంది. అదే శక్తి సెకనులో లక్షల వంతులో బయటపడితే ఇనుము కూడా చీలిపోతుంది. శక్తిని కాలంతో భాగిస్తే సామర్థ్యం అని మనం కంఠస్థం చేసే సూత్రం ఇదే.

మాది వ్యవసాయ కుటుంబం. మెట్ట ప్రాంతంలో బావి తవ్వుతూ బండ తగిలితే తూటాలు పెట్టి పేల్చడం నేను చిన్నప్పటినుంచీ చూసినదే. బండకు బెజ్జం వేసి, తూటా దించి, మన్ను కూరి, వత్తి అంటించి, 'తప్పుకోండహో' అని కేకపెట్టి అందరూ దూరంగా పోతారు. పెట్టిన తూటాల్ని లెక్క పెట్టుకుని, పేలినవాటిని లెక్క పెట్టుకుంటారు. ఒక్కటి తక్కువైతే ఎంతసేపటిదాకానో ఎవరూ బావి దగ్గరికి పోరు. బతుకంతా ఆ పనిలోనే గడిపిన ముసలివాళ్ళు కూడా పోరు. పేలని మందు పేలినదానికంటే భయంకరమని వారికి తెలుసు. ఎవరూ కాల్చని చోట, పట్టపగలు, తామే పెట్టిన మందుతోనే అంత జాగ్రత్త. ఇక, శత్రువు దాచిన మందును, వాడు చూస్తుండగా, చేతులతో వెతికి తీయడం ఎలాంటిదో ఊహించుకోండి.

మందుపాతరను కనిపెట్టే యంత్రం రెండవ ప్రపంచ యుద్ధకాలంలోనే వాడుకలోకి వచ్చింది. పోలెండు సైనికాధికారి యూజెఫ్ కొసాట్స్కీ తయారుచేసిన నమూనాను 1942లో ఎల్ అలమీన్ యుద్ధంలో వాడారు. దానిలోని సూత్రం ఇంటర్మీడియేట్ ఫిజిక్సులోదే. తీగచుట్టలో ఏకాంతర విద్యుత్తును పంపితే మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలో లోహం ఉంటే అందులో సుడి విద్యుత్ప్రవాహాలు పుట్టి, వాటి క్షేత్రంవల్ల మరో చుట్టలోని సమతూకం చెడి, చెవికి పెట్టుకున్న గొట్టంలో రొద వినిపిస్తుంది. బాగానే ఉంది. కాని యుద్ధం జరిగిన నేలనిండా మోర్టారు గుండ్ల ముక్కలే. ప్రతి ఇనుపముక్కకూ యంత్రం అరుస్తుంది. చెక్కపెట్టెలో పెట్టిన పాతర దగ్గర సరిగా అరవదు. అప్పుడిక మిగిలేది పాత పద్ధతే. నేలమీద బోర్లా పడుకుని, బాయ్‌నెట్టు మొనను ఏటవాలుగా, మెల్లగా మట్టిలో గుచ్చుతూ, గట్టిగా ఏదైనా తగిలితే వేళ్ళతో మన్ను తప్పించి తీయాలి. నిట్టనిలువుగా గుచ్చితే మొన పాతర నెత్తిమీదే పడుతుంది. అందుకే ఏటవాలు. ఈ పనిలో తొందర పనికిరాదు, వణుకు అసలే పనికిరాదు.

నాలుగు రోజుల కథ

రాణే గారికి పరమవీర చక్ర ఇచ్చినప్పటి ప్రశంసాపత్రం గంటలతో సహా రాసి ఉంది. దాని ఆధారంగానే ఈ వివరాలు.

1948 ఏప్రిల్ 8. ఉదయం 11 గంటలు. 26వ మైలు దగ్గర, నద్‌పూర్ సౌత్ సమీపంలో, మందుపాతరలు తీసే బృందం టాంకుల పక్కన నిలబడి పని మొదలుపెట్టబోతూ ఉంది. అంతలో శత్రువు మోర్టార్లతో విరుచుకుపడ్డాడు. బృందంలో ఇద్దరు అక్కడికక్కడే మరణించారు. అయిదుగురు గాయపడ్డారు. ఆ అయిదుగురిలో రాణే ఒకరు. అంటే పని ఇంకా మొదలే కాలేదు, నాయకుడికి గాయమైంది. ఆయన వెనక్కు పోయి ఉంటే తప్పుపట్టేవారు ఎవరూ లేరు. ఆయన మిగిలినవాళ్ళను కూడగట్టుకుని పని మొదలుపెట్టారు. రోజంతా గుళ్ళవానలో టాంకుల దగ్గరే ఉన్నారు. సాయంత్రం 4:30 ప్రాంతంలో బర్వాలీ శిఖరం మనవారి వశమైంది. చుట్టుపక్కల శత్రువు ఇంకా ఉన్నాడని తెలిసీ రాణే తన బృందాన్ని ముందుకు తీసుకుపోయి, టాంకులు పోవడానికి పక్కదారి తవ్వడం ప్రారంభించారు. రాత్రి 10 దాకా, శత్రువు కంటికి ఎదురుగా, తవ్వుతూనే ఉన్నారు.

ఏప్రిల్ 9. ఉదయం 6కు మళ్ళీ పని. మధ్యాహ్నం 3 గంటలకు పక్కదారి తయారైంది. టాంకులు కదిలాయి. రాణే అన్నిటికంటే ముందున్న బండిలో కూర్చున్నారు. అర మైలు పోయేసరికి పైన్ చెట్ల అడ్డు. దిగి పేల్చేశారు. మరో 300 గజాల్లో మళ్ళీ అదే. మళ్ళీ పేల్చేశారు. సాయంత్రం 5 కావస్తోంది. రోడ్డు కొండచుట్టూ పాములా మెలికలు తిరుగుతోంది. ఈసారి కూల్చిన తూము. పని మొదలుపెట్టకముందే మెషిన్ గన్లు మొదలయ్యాయి. అయినా పక్కదారి తీసి టాంకుల్ని దాటించారు. 6:15కు చీకటి పడుతుండగా అన్నిటికన్నా గట్టి అడ్డంకి ఎదురైంది. అయిదు పెద్ద పైన్ చెట్లు, చుట్టూ మందుపాతరలు, పైనుంచి మెషిన్ గన్. ఆయన అక్కడా పాతరలు తీయడం మొదలుపెట్టారు. టాంకుల కమాండరే పరిస్థితి చూసి రాత్రికి ఆపించి, టాంకుల్ని భద్రమైన చోటికి చేర్చారు.

ఏప్రిల్ 10. తెల్లవారుజామున 4:45కే రాణే ఆ చెట్ల దగ్గర ఉన్నారు. 6:30కు అడ్డు తొలగింది. ఆ తరువాతి వెయ్యి గజాలు అడుగడుగునా అడ్డంకులే, పేల్చేసిన గట్లే. ఉదయం 10:30కు అదీ పూర్తయింది. టాంకులు రోడ్డు దిగి తావీ నది ఇసుకలోకి ప్రవేశించాయి. మధ్యాహ్నం 2 గంటలకు చింగస్ చేరాయి. ఇది మొగలాయి చక్రవర్తులు కాశ్మీరు పోయే దారిలో మజిలీ చేసిన పాత సరాయి. జహంగీరు పేరుతో ముడిపడిన చోటు. చూడండి, టాంకులు చేరాయి కాబట్టి పని అయిపోయినట్టే. కాని రాణే ఆగలేదు. టాంకులు నదిలో నడుస్తాయి, తిండీ మందులూ పెట్రోలూ తెచ్చే లారీలు నడవలేవు. వాటికి రోడ్డే కావాలి. అందుకని తిండీ విశ్రాంతీ లేకుండా రాత్రి 9 వరకూ రోడ్డు బాగుచేస్తూనే ఉన్నారు.

ఏప్రిల్ 11. ఉదయం 6కు మొదలు. 11 గంటలకు చింగస్‌దాకా రోడ్డు తెరిచారు. ఆ రాత్రి 10 వరకూ ఇంకా ముందుకు రోడ్డు తీస్తూ పోయారు.

ఏప్రిల్ 12న మన సైన్యం రాజౌరీలో ప్రవేశించింది.

రెండు తాళ్ళు

రాణే గారిని గురించి రాసినవారు చాలామంది చెప్పే ఉదంతం ఒకటి ఉంది. ప్రశంసాపత్రంలో ఇది లేదు గాని, వినదగినది. పాతరలున్న చోట టాంకును ముందుకు నడిపించవలసి వచ్చినప్పుడు ఆయన టాంకు కిందికి దూరి, రెండు గొలుసుచక్రాల నడుమ నేలమీద పాకుతూ వచ్చారట. చేతుల్లో రెండు తాళ్ళు. వాటి రెండో కొసలు లోపల డ్రైవరు దగ్గర. ఒక తాడు లాగితే కదలమని, రెండోది లాగితే ఆగమని గుర్తు. ఇందులోని తెలివి చూడండి. టాంకు ఇంజను రొదలో కేకలు వినపడవు. బయట నిలబడి చేయి ఊపితే తుపాకి గుండుకు గురి అవుతాడు. టాంకు పొట్టకింద ఉంటే ఆ ఇనుమే కవచం, కళ్ళేమో ఎదుటి నేలమీద. కాని డ్రైవరు ఒక్క క్షణం ఏమరిస్తే, 13 టన్నుల పైబడిన టాంకు! డ్రైవరుకు రాణేమీద, రాణేకు డ్రైవరుమీద ఎంత నమ్మకం ఉండాలి!

నేను వేసుకున్న లెక్క

ప్రశంసాపత్రంలోని గంటల్ని కాగితంమీద వేసుకుని కూడి చూశాను. మొదటిరోజు ఉదయం 11నుంచి రాత్రి 10 వరకు 11 గంటలు. రెండవరోజు 6నుంచి 6:15 వరకు 12 గంటల పావు. మూడవరోజు 4:45నుంచి 9 వరకు 16 గంటల పావు. నాలుగవరోజు 6నుంచి 10 వరకు 16 గంటలు. మొత్తం 55 గంటల 30 నిముషాలు. మొదటిరోజు పదకొండింటినుంచి నాలుగవరోజు పదింటిదాకా గడిచిన కాలం 83 గంటలు. అంటే మూడింట రెండు వంతుల కాలం పనిలోనే ఉన్నారు. అదీ గాయపడిన శరీరంతో.

ఈ లెక్క వేశాక నాకొక విషయం స్పష్టమైంది. మనం ఎక్కువగా విన్న శౌర్యం ఒక్క క్షణానిది. ఆవేశం పొంగుతుంది, మనిషి దూకుతాడు. ఆ క్షణంలో భయపడే వ్యవధి కూడా ఉండదు. రాణే గారి ధైర్యం ఆ కోవలోది కాదు. దానికి భయపడటానికి 55 గంటల వ్యవధి ఉంది. ప్రతి రాత్రీ పని ఆపి, పొద్దున లేచి, నిన్న ఇద్దరు చచ్చిపోయిన దారికే మళ్ళీ పోవాలి. పైగా ఆవేశం ఈ పనికి శత్రువు. చేయి వణికితే పాతర పేలుతుంది. కోపంవస్తే లెక్క తప్పుతుంది. గుళ్ళు పడుతున్నా డిటొనేటరు సరిగ్గా అమర్చాలి, మందు కొలత సరిగ్గా వేయాలి, గట్టు ఎంత వాలుగా కోస్తే టాంకు జారదో కంటితోనే అంచనా కట్టాలి. మనం ప్రయోగశాలలో ఫ్యాను కింద నిలబడి, పక్కనే లెక్చరరుగారుంటేనే రీడింగు తప్పు తీస్తాం!

అదే పనిలో మరి ఇద్దరు

ఈ కోవకు చెందినవారు మన దేశంలో ఇంకా ఉన్నారు. ఇద్దర్ని మాత్రం తలచుకుంటాను. 1941లో తూర్పు ఆఫ్రికా రంగంలో, బొంబాయి సాపర్లకే చెందిన సెకండ్ లెఫ్టినెంట్ ప్రేమీంద్రసింగ్ భగత్ నాలుగు రోజుల్లో 55 మైళ్ళ దారిపొడుగునా 15 మందుపాతర క్షేత్రాలను తొలగించారు. ఆయన ఎక్కిన బండి రెండుసార్లు పేలిపోయింది. పేలుళ్ళకు కర్ణభేరి చిరిగింది. అయినా ఇంకొకరికి పని అప్పగించడానికి ఒప్పుకోలేదు. ఆయనకు విక్టోరియా క్రాసు లభించింది. తరువాత లెఫ్టినెంట్ జనరల్ దాకా ఎదిగారు.

రెండవవారు మద్రాసు సాపర్లలోని సుబేదారు సుబ్రమణ్యం. కాంచీపురం ప్రాంతపు పల్లెటూరివారు. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో మిన్యానో దగ్గర, తోటివాళ్ళతో కలిసి పాతరలు వెతుకుతుండగా ఒకటి అంటుకుంది. అది నేలలోంచి ఎగిరి పేలే రకం. పేలడానికి కొద్ది సెకన్లే ఉంది. ఆయన దానిమీద పడి తన శరీరంతో కప్పేశారు. వెనకున్నవాళ్ళు బతికారు. జార్జి క్రాసు పొందిన మొదటి భారతీయుడాయన. రాణే గారిది గంటల ధైర్యమైతే, సుబ్రమణ్యం గారిది సెకన్ల ధైర్యం. పాతరలను రోజూ చేతులతో తాకుతూ వచ్చినవాడికే ఆ సెకన్లలో ఏం చేయాలో తెలుస్తుందని నాకనిపిస్తుంది.

పేరు లేనివారు

ప్రశంసాపత్రం చదువుతుంటే ఒకచోట మనసు ఆగిపోయింది. 'ఇద్దరు మరణించారు' అని ఉంది. వారి పేర్లు అందులో లేవు. మిగిలిన నలుగురు క్షతగాత్రుల పేర్లూ లేవు. నాలుగు రోజులూ రాణే గారి పక్కన పలుగూ పారా పట్టినవారి పేర్లూ లేవు. పతకం ఒక్కరి గుండెమీద వేలాడుతుంది. రోడ్డు మాత్రం ఒక్కరు వేస్తే పడదు. ఇందులో రాణే గారి తప్పేమీ లేదు, ప్రశంసాపత్రం అనేది ఒకరి గురించే రాస్తారు. కాని చదివే మనం ఆ పేరు లేని ఇద్దరినీ కూడా కలుపుకుని చదవాలి.

మరొక మాట. యుద్ధం ముగిసినా మందుపాతరకు ఆ సంగతి తెలియదు. సంధి కుదిరిన వార్త భూమిలోపలికి పోదు. 2001-02లో పార్లమెంటు మీద దాడి తరువాత సరిహద్దు పొడుగునా పొలాల్లో పాతరలు పరిచారు. తిరిగి తీసేటప్పుడు సాపర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దున్నుకోలేక, పశువుల్ని మేపుకోలేక రైతులు బాధలు పడ్డారు. కాళ్ళు పోయినవారున్నారు. మనుషుల్ని చంపే మందుపాతరలను నిషేధిస్తూ 1997లో ఒట్టావా ఒప్పందం కుదిరింది. మన దేశం అందులో చేరలేదు. సరిహద్దు రక్షణకు అవి అవసరమని ప్రభుత్వ వాదన. ఆ వాదనలో బలం లేకపోలేదు. అయినా పొలంలో అడుగుపెట్టడానికి రైతు భయపడే రోజు ఏ దేశానికీ మంచిది కాదని రైతుబిడ్డగా నా అభిప్రాయం. రాణే గారి గొప్పతనం నాకు ఇక్కడే మరింతగా కనిపిస్తుంది. ఆయన వెళ్ళిన దారి, ఆయన వెళ్ళాక, మనిషి నడవదగిన దారి అయింది.

తరువాత

పరమవీర చక్ర 1950 జనవరి 26న నెలకొల్పబడింది. అదే సంవత్సరం రాణే గారికి ప్రకటించారు. ఆయన మేజరుగా పదవీ విరమణ చేసి, మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోబడి 1971 దాకా సైన్యానికి సేవచేశారు. 1994 జులై 11న పూనాలో కన్నుమూశారు. చమురు రవాణా చేసే ఒక ఓడకు ఆయన పేరు పెట్టారు. కార్వార్‌లో విగ్రహం నిలిపారు. 2023 జనవరి 23న అండమాన్ నికోబార్‌లో 21 మంది పరమవీరుల పేర్లు 21 దీవులకు పెట్టినప్పుడు వాటిలో రాణే గారి పేరూ ఉంది.

మిత్రులారా! మనలో చాలామందిమి రేపో మాపో డిగ్రీ పుచ్చుకుని బయటికి పోబోతున్నాం. అందరం సైన్యంలో చేరం. అందరికీ పతకాలు రావు. కాని ఏ పల్లెలో టీచరుగా ఉన్నా, ఏ లేబొరేటరీలో ఉన్నా, తిరిగి సేద్యానికే పోయినా, మన ముందు ఏదో ఒక దారి మూసుకుని ఉంటుంది. దాని ముందు నిలబడి కేకలు పెట్టేవారు ఎప్పుడూ ఎక్కువే. దిగి, వంగి, చేతులతో అడ్డు తీసేవారే తక్కువ. రాణే గారికి కాలేజీ చదువు లేదు. తన పని తనకు పూర్తిగా వచ్చు, మొదలుపెట్టినది ముగించాలన్న పట్టుదల ఉంది, తన వెనక లారీల్లో రావలసిన తోటివాడి తిండి గురించిన తలపు ఉంది. టాంకులు చింగస్ చేరాక కూడా రాత్రి తొమ్మిదింటిదాకా ఆయన్ను పనిచేయించినది ఆ తలపే. చదువుకున్న మనకు ఆ మూడింటిలో ఎన్ని ఉన్నాయో ఎవరికి వారం లెక్క చూసుకుందాం.

సెకండ్ లెఫ్టినెంట్ రామ రాఘోబా రాణే గారికీ, ఏప్రిల్ 8న ఆ దారి మొదట్లోనే ఒరిగిపోయిన ఇద్దరు సాపర్లకూ జోహార్లు.